పెరడు లేని కోడిపిల్ల

 

ఈరోజు విషయం వినగానే కొందరికి నవ్వు రావచ్చు. కాలు కుంటుతున్న కోడిపిల్లను ఎలా చూసుకోవాలి అన్నదే విషయం. "కువైట్ వచ్చి కూడా కోళ్ళ గొడవేనా?" అనుకోకండి. ఇక్కడ చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఇది తరచు వచ్చే సమస్యే.

అల్-రాయ్‌లోని శుక్రవారం బజారు, అదే సూక్ అల్-జుమా, మనవాళ్ళందరికీ తెలిసిన చోటే. పాత కుర్చీలు, తివాచీల దగ్గర్నుంచి పావురాలు, చిలకల దాకా అన్నీ దొరుకుతాయి. గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగులు వేసిన కోడిపిల్లలు కనబడితే మన పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. కాస్త చిల్లర ఖర్చుతో ఒక అట్టపెట్టె ఇంటికి చేరుతుంది. మూడు నాలుగు రోజులు గడిచేసరికి ఆ పెట్టెలో ఒక పిల్ల లేవదు. రెండు కాళ్ళూ చెరోపక్కకూ జారిపోయి, పొట్ట నేలకు ఆనించి కూర్చుని కియ్ కియ్ అంటుంటుంది. "నాన్నా, దానికేమైంది?" అని ఇంట్లో పిల్లలు అడుగుతారు. పశువైద్యుడి దగ్గరికి వెళితే ఫీజు కోడిపిల్ల ధర కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అలాగని పారేయడానికి అది బొమ్మా కాదు.

నేను పశువైద్యుణ్ణి కాను, కంప్యూటర్ ఉద్యోగిని. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏదైనా ఆగిపోతే వెంటనే విప్పి మరమ్మతు మొదలుపెట్టం. అంతకు ముందు బాగా నడిచినప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం మారిందో చూస్తాం. కోడిపిల్ల విషయంలో మారినది ఒకటే, పెరడు లేకపోవడం.

మన ఊళ్ళలో తల్లికోడి పొదిగి తీసిన పిల్లల్ని గుర్తు చేసుకోండి. వాటికి ఎవరూ డాక్టర్‌ను పిలవలేదు. రాత్రిపూట గంప కింద మూయడం, పొద్దున గుప్పెడు నూకలు చల్లడం, ఇంతే మనం చేసింది. మిగతా పని పెరడు చేసింది. గరుకు మట్టి కాలికి పట్టు ఇచ్చింది. పురుగులు, చెదలు, గడ్డి చిగుళ్ళు తిండిలోని లోటు తీర్చాయి. పొద్దుటి ఎండ ఎముకలకు బలమిచ్చింది. తల్లి రెక్కలు వెచ్చదనం ఇచ్చాయి. అట్టపెట్టెలో పెరిగే పిల్లకు ఈ నాలుగూ లేవు. కాలి జబ్బుల్లో చాలా భాగం ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తక్కువైనందువల్ల వచ్చేవే. కాబట్టి మందు కోసం వెతికే ముందు ఈ నాలుగూ వరుసగా చూసుకుందాం.

మొదటిది నేల. అట్టపెట్టెలో చాలామంది న్యూస్‌పేపర్ పరుస్తారు. శుభ్రం చేయడం సులువని అలా చేస్తారు. కానీ ఒకటి రెండు రోజుల పిల్లకు న్యూస్‌పేపరు నూనె పోసిన గచ్చులాంటిది. అడుగు వేసిన ప్రతిసారీ కాలు పక్కకు జారుతుంది. అప్పటికి ఎముకలూ కీళ్ళూ ఇంకా లేతగా ఉంటాయి కాబట్టి కాళ్ళు అలాగే విడిపోయి ఉండిపోతాయి. పేపరు తీసేసి చెక్క చిత్రిక పొట్టు గాని, అల్మరా అరల్లో పరిచే గరుకు రబ్బరు షీటు గాని, దళసరి గుడ్డ గాని పరవండి. తువ్వాలు పరిస్తే పోగులు లేచినది వద్దు. ఆ దారాలు వేళ్ళకు చుట్టుకుంటాయి.

కాళ్ళు అప్పటికే విడిపోయి ఉంటే వాటిని దగ్గరకు చేర్చి కట్టాలి. ఇది ఇంట్లోనే చేయవచ్చు. మందుల షాపులో దొరికే మెత్తటి సర్జికల్ టేపు గాని, అంటుకునే బ్యాండేజీ గాని సెంటీమీటరు వెడల్పున కత్తిరించండి. వేళ్ళకు పైన, ఈకలు లేని సన్నటి భాగంలో ఒక్కో కాలికి ఒక చుట్టు వేసి, రెండింటినీ టేపుతోనే కలపండి. కాళ్ళ మధ్య దూరం ఆ పిల్ల మామూలుగా నిలబడితే ఎంత ఉంటుందో అంత ఉండాలి. చిన్న పిల్లకు రెండు మూడు సెంటీమీటర్లు చాలు. మరీ దగ్గరకు లాగి కట్టకండి, బిగించకండి. వేళ్ళు వాచినా, రంగు మారినా వెంటనే విప్పాలి. రోజుకొకసారి విప్పి చూసి మళ్ళీ కొత్తది వేయండి. మొదటి గంటలో పిల్ల ముందుకు బోర్లా పడుతుంది. చేత్తో కాస్త ఆసరా ఇస్తే అలవాటు పడుతుంది. నీళ్ళ మూతలో గులకరాళ్ళు వేయండి, పడినా మునగకుండా ఉంటుంది. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లోనే కడితే చాలావరకు వారం లోపల సరిగా నడుస్తుంది. రెండు వారాలు గడిచాక ఆశ బాగా తగ్గిపోతుంది. ఇందులో ఆలస్యం చేయకూడదు.

రెండోది తిండి. ఇక్కడే మన ఇళ్ళలో ఎక్కువ వాదన జరుగుతుంది. "మా నాయనమ్మ నూకలు వేసే పెంచింది, వాటికేం కాలేదు" అంటారు. నిజమే. కానీ ఆ నూకలు ఆ పిల్లల మొత్తం తిండి కాదు, పెరట్లో దొరికినదానికి అదనంగా వేసినవి. ఫ్లాట్‌లో మనం వేసే తెల్లన్నం ఒక్కటే మొత్తం తిండి అయిపోతుంది.

దీని వెనుక పెద్ద కథ ఉంది. 19వ శతాబ్దం చివర్లో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్ డాక్టర్ జావాలోని బటావియాలో, అంటే నేటి జకార్తాలో, బెరిబెరి జబ్బు మీద పరిశోధన చేస్తున్నాడు. కాళ్ళలో బలం పోయి మనుషులు నడవలేక పడిపోయే జబ్బు అది. ఆయన ప్రయోగశాలలోని కోళ్ళకు ఉన్నట్టుండి కాళ్ళు పట్టుతప్పాయి. కొన్ని నెలల తర్వాత వాటంతటవే బాగుపడ్డాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, కోళ్ళను చూసే మనిషి మిలిటరీ ఆస్పత్రి వంటశాల నుంచి మిగిలిన తెల్లన్నం తెచ్చి పెడుతున్నాడు. ఆ వంటశాలకు కొత్త వంటవాడు వచ్చి, మిలిటరీ అన్నం కోళ్ళకు ఇవ్వనన్నాడు. దాంతో కోళ్ళు మళ్ళీ ముడిబియ్యానికి మారి లేచి తిరిగాయి. తవుడులో ఉన్న ఏదో పదార్థం పాలిష్ పట్టిన బియ్యంలో లేదన్న సంగతికి అక్కడే తీగ దొరికింది. లోపం బియ్యంలో ఏదో తక్కువ కావడమేనని ఆయన తర్వాత వచ్చిన గెరిట్ గ్రీన్స్ 1901లో స్పష్టం చేశాడు. 1926లో అదే బటావియాలో ఆ పదార్థాన్ని విడదీశారు. అదే మనం బి1 విటమిన్ అంటున్నది. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథలో మనవాళ్ళూ ఉన్నారు. ఉత్తర సర్కారులు అని పిలిచిన మన కోస్తా జిల్లాలు ఒకప్పుడు బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జాన్ మాల్కంసన్ 1835లోనే దాని మీద పుస్తకం రాశాడు. ఉప్పుడు బియ్యం తినేవాళ్ళలో ఈ జబ్బు తక్కువని, మిల్లులో పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినేవాళ్ళలో ఎక్కువని తర్వాత తేలింది. ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడు తవుడులోని విటమిన్ కొంత గింజలోకి ఇంకుతుంది. తెల్లన్నం ఒక్కటే తింటే మనిషికే కాళ్ళు పడిపోయాయంటే, గుప్పెడంత కోడిపిల్ల సంగతి చెప్పాలా?

బి1 తక్కువైన పిల్లకు కాళ్ళు పట్టుతప్పి, తల వెనక్కి వంగి ఆకాశం చూస్తున్నట్టుంటుంది. బి2 తక్కువైతే మరోలా ఉంటుంది. కాలివేళ్ళు పిడికిలిలాగ లోపలికి ముడుచుకుపోతాయి, పిల్ల మడమల మీద దేక్కుంటూ నడుస్తుంది. మడమ అంటే కోడికాలిలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలు. మనం దాన్ని మోకాలు అనుకుంటాం. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది.

రెండింటికీ మందు ముందుగా సరైన తిండే. చిన్న పిల్లల కోసం తయారైన స్టార్టర్ దాణా తెచ్చి వేయండి. గుడ్లు పెట్టే కోళ్ళ దాణా వేయకండి. అందులో సున్నం స్టార్టర్ దాణా కన్నా మూడు నాలుగు రెట్లు ఉంటుంది, చిన్నపిల్లల మూత్రపిండాలను అది పాడు చేస్తుంది. దాణా దొరికేలోగా ఉడికించిన గుడ్డు పచ్చసొన చిదిమి కొద్దికొద్దిగా పెట్టండి. కోడిపిల్లకు కోడిగుడ్డా అని ఇంట్లో పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తారు. కానీ అది గుడ్డులో ఉన్నన్నాళ్ళూ తిన్నది ఆ సొనే కదా. పక్షుల కోసం అమ్మే విటమిన్ పొడి నీళ్ళలో కలిపి ఇవ్వవచ్చు. బి2 వెలుతురుకు పాడవుతుంది కాబట్టి ఆ నీళ్ళు రోజూ మార్చాలి, వెలుతురు సోకని చోట పెట్టాలి. వేళ్ళు ముడుచుకున్న పిల్లకు పలుచటి అట్టముక్క మీద వేళ్ళు విప్పి పరిచి, టేపు వేసి చిన్న చెప్పులాగ కట్టవచ్చు. తొలిరోజుల్లో పట్టుకుంటే వేళ్ళు మళ్ళీ విచ్చుకుంటాయి. నరాలు దెబ్బతిన్నాక విటమిన్ ఎంత పోసినా తిరిగి రావు.

మూడోది ఎండ. ఎండకు కువైట్‌లో కరువేమిటి అంటారా? ఎండకు కరువు లేదు, అది మనకు తగలదు, అంతే. కిటికీ అద్దం ఎముకలకు కావలసిన కిరణాలను ఆపేస్తుంది. అద్దం వెనుక వెలుతురు ఎంత వచ్చినా డి విటమిన్ తయారు కాదు. ఇన్ని నెలలు ఎండకాసే ఈ దేశంలో మనుషులకే డి విటమిన్ లోపం విరివిగా కనిపిస్తోంది. డి విటమిన్ గాని, సున్నం, భాస్వరం గాని చాలని పిల్లకు రెండు మూడు వారాల్లో కాళ్ళు వంకర పోతాయి. ముక్కు వేలితో నొక్కితే రబ్బరులాగ మెత్తగా ఉంటుంది. మంచి స్టార్టర్ దాణాలో డి3 ఉంటుంది. చలికాలంలో పొద్దుటిపూట కాసేపు నీడ కూడా అందేలా బాల్కనీలో ఉంచితే మంచిది.

ఎండాకాలంలో మాత్రం ఆ పని చేయకండి. 2016 జులై 21న మన కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధనే ఉంది. మనుషులకే వద్దన్న ఎండలో కోడిపిల్లను పెట్టకూడదు.

నాలుగోది వెచ్చదనం. బయట నిప్పులు కురుస్తున్నా మన ఇళ్ళలో ఏసీ 22 దగ్గర తిరుగుతుంటుంది. మొదటి వారం పిల్లకు 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. ఏసీ గాలి నేరుగా తగిలే పెట్టెలో పిల్ల ముడుచుకుని కూర్చుంటుంది, తినదు, తాగదు, క్రమంగా కాళ్ళలో సత్తువ పోతుంది. పెట్టెకు ఒక పక్క మాత్రమే బల్బు పెట్టండి. వేడెక్కితే రెండో పక్కకు జరిగే చోటు ఉండాలి. పిల్లలన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి అని అర్థం. రెక్కలు విడదీసి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు.

ఈ నాలుగూ సరిగా ఉన్నా కుంటుతుంటే కాలిని పట్టుకుని మెల్లగా చూడాలి. వేలికి దారమో వెంట్రుకో చుట్టుకుందేమో చూడండి. సన్నటి వెంట్రుక కూడా వేలిని తెగ్గొట్టగలదు. మడమ కీలు వాచి, కాలు పక్కకు మెలి తిరిగి ఉంటే లోపలి నరంలాంటి కట్టు తన గాడి తప్పినట్టు. అది ఇంట్లో సరిచేసే పని కాదు. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాలి. ఎముక విరిగినా అంతే. మనం వాడే నొప్పి మాత్రలు ముక్క చేసి వేయడం మాత్రం వద్దు. గుప్పెడు ప్రాణానికి ఆ ముక్కే ఎక్కువ కావచ్చు.

ఇక అంటుజబ్బులు. మెడ మెలి తిరగడం, ఆకుపచ్చ రెట్ట, ఊపిరికి ఆయాసం, వీటితోపాటు కాళ్ళు పడిపోతే అది కొక్కెర తెగులు కావచ్చు. ఇంగ్లండులో 1926లో బయటపడిన ఈ జబ్బు 1927లో మన కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో కనిపించింది. అందుకే ఇండియాలో దాన్ని రాణీఖేత్ జబ్బు అంటారు. రెండోది మారెక్ జబ్బు. హంగరీకి చెందిన పశువైద్యుడు యోజెఫ్ మారెక్ 1907లో దీన్ని వర్ణించాడు. కొన్ని వారాలు దాటి ఎదుగుతున్న పిల్ల ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడి ఉంటుంది. దీనికి వైద్యం లేదు. పుట్టిన రోజునే హేచరీలో టీకా వేయడమే రక్షణ. అందుకే కుంటుతున్న ఏ పిల్లనైనా ముందు వేరే పెట్టెలోకి మార్చాలి. జబ్బు అంటకుండా ఉండటానికే కాక, మిగతా పిల్లలు దాన్ని పొడిచి తొక్కకుండా ఉండటానికి కూడా.

ఒకేసారి ఎక్కువ పక్షులు హఠాత్తుగా చనిపోతుంటే ఇంటి వైద్యాలు ఆపేసి, వాటిని ముట్టుకోకుండా, వ్యవసాయ, మత్స్య వనరుల పబ్లిక్ అథారిటీకి తెలియజేయాలి. 2005లో ఈ గల్ఫ్ ప్రాంతంలో బర్డ్ ఫ్లూ మొదట నిర్ధారణ అయింది కువైట్‌లోనే, ఒక రాజహంసలాంటి ఫ్లెమింగో పక్షిలో. 2007లో మళ్ళీ వచ్చింది. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

తల్లులకు ఒక మాట. ఆరోగ్యంగా కనిపించే కోడిపిల్ల రెట్టలో కూడా సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. ఐదేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకపోవడం మంచిది. ముద్దు పెట్టుకోనివ్వకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. వంటగదిలో, అన్నం తినే చోట దాని పెట్టె ఉండకూడదు. నీళ్ళ గిన్నె కిచెన్ సింకులో కడగకూడదు.

అన్నీ చేసినా కొన్ని పిల్లలు లేవవు. అప్పుడు ఏం చేయాలి? దానికి నేను చూసే కొలత ఇది. కుంటితనం ఉన్నా తనంతట తాను తిని, తాగి, శుభ్రంగా ఉంటూ, మనుషులు వస్తే తల ఎత్తుతుంటే అది బతకగలదు. ఒక కాలితో బతికే కోళ్ళు ఉన్నాయి. తినలేక, రోజంతా పక్కకు పడి ఉండి, పొట్ట కింద పుండ్లు పడి, ఈకలు రెట్టతో తడిసిపోతుంటే దాన్ని అలా ఉంచడం దయ కాదు. డాక్టర్‌తో మాట్లాడి బాధ లేకుండా సాగనంపడమే మేలు. అప్పుడు పిల్లలకు "ఊరికి పంపించేశాం" అని చెప్పకండి. ఊళ్ళో అవ్వా తాతలు, మేనమామలు ఉన్న పిల్లలకు ఆ మాట ఎలా వినబడుతుందో ఆలోచించండి. దానికి బాగా జబ్బు చేసింది, మనం చేయగలిగింది చేశాం, అది చనిపోయింది అని చెప్పండి. ఏడుస్తారు. ఏడవనివ్వండి. వారం రోజులు నీళ్ళు పెట్టి, టేపు మార్చి, రాత్రి లేచి బల్బు చూసిన పిల్లకు ఆ నిజం తెలుసుకునే హక్కు ఉంది.

చివరిగా, కొనకముందు చేయాల్సిన పని. ఆ రంగు పిల్లల్లో మాంసం కోసం పెంచే బాయిలర్ జాతివి ఉంటాయి. అవి ఆరు వారాల్లోపే రెండు కిలోలు దాటేలా పుట్టినవి. ఆ బరువు కాళ్ళు మోయలేక కుంటుతాయి. మిగతావి పుంజులైతే రెండు మూడు నెలలకు తెల్లవారుజామున కూత మొదలుపెడతాయి. ఇంటి యజమాని, పక్క ఫ్లాటువాళ్ళు ఊరుకోరు. కాబట్టి పెద్దయ్యాక ఎక్కడికి పంపిస్తామో ముందే మాట్లాడుకుని ఉండాలి. వఫ్రా, అబ్దలీ తోటల్లో, కబ్ద్ జాఖూర్లలో పనిచేసే మన కడప, చిత్తూరు, గోదావరి అన్నలు ఎందరో ఉన్నారు. గొర్రెల్నీ కోళ్ళనీ చూసుకోవడం వాళ్ళకు చేతి విద్య. కోడిపిల్ల కాలు ఫొటోలో చూసి, ఏమైందో మనలాంటి ఆఫీసు ఉద్యోగుల కన్నా వాళ్ళే ముందు చెప్పగలరు. సిగ్గుపడకుండా అడగండి. మన సంఘాల సమావేశాల్లో వేరువేరు బల్లల దగ్గర కూర్చునే మనం మాట్లాడుకోవడానికి ఇదీ ఒక సందర్భమే.

గరుకు నేల, సరైన దాణా, తగినంత ఎండ, తగిన వెచ్చదనం. ఈ నాలుగూ ఇవ్వగలం అనుకుంటేనే అట్టపెట్టె ఇంటికి తెచ్చుకోండి. ఇవ్వలేం అనుకుంటే పిల్లలకు బజారులో చూపించి, కథ చెప్పి, చేయి పట్టుకుని ఇంటికి రండి. ఇప్పటికే ఇంట్లో ఒక పిల్ల లేవలేక కూర్చుని ఉంటే మాత్రం, ఈ ప్రసంగం అయిపోగానే ముందు ఆ న్యూస్‌పేపరు తీసేయండి.